ఊ కొట్టేవాళ్లుంటేనే కథ

మొన్న పొద్దున్న వంటింట్లో ములక్కాడలు ముక్కలు చేసుకుంటూ, వొక ఇంగ్లీషాయన చెప్తున్న కథకి "ఊ" కొట్టాను.

ఆయన నా ఎదురుగా లేడు. ఎప్పుడో ఎక్కడో గదిలో కూర్చుని చదివిపెట్టిన కథ, పోపులపెట్టెకి ఆనించిన సెల్‌ఫోన్‌లోంచి వస్తోంది. కథలో వొక తల్లి తప్పిపోయిన కూతురి కోసం లోకమంతా వెతుకుతోంది. చెప్పేవాడు వొక్క క్షణం ఆగాడు. ఆగినచోట నా నోట్లోంచి "ఊ" దానంతటదే వచ్చేసింది.

హాల్లో పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తి, "ఎవరితో మాటాడుతున్నావు?" అన్నారు.

"గ్రీకు దేశం వాళ్లతో" అన్నాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు. పెళ్లయి 40 ఏళ్లు దాటాక మగవాళ్లు ఇలాంటివాటికి ఆశ్చర్యపోరు.

ఇదంతా మా మనవరాలి పని. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతోంది. సంక్రాంతి సెలవులకి నర్సీపట్నం వచ్చినప్పుడు, "అమ్మమ్మా, చదివితే కళ్లు లాగుతున్నాయంటావుగా, చదవకు, విను" అని నా ఫోన్‌లో ఆడియో బుక్కులు పెట్టింది. గ్రీకు పురాణాలూ, నార్స్ పురాణాలూను. నార్స్ అంటే నార్వే, ఐస్‌లాండు వైపు మంచుదేశాల వాళ్లు పూర్వం కొలిచిన దేవుళ్ల కథలు. హైస్కూల్లో చాలా ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని కనక ఇంగ్లీషుకి భయపడను. రెండు నెలల్లో నాలుగు విన్నాను. విన్నాక వొక సందేహం పట్టుకుంది. పుస్తకమైతే బాగా రాశారంటాం. పాటయితే బాగా పాడారంటాం. చెవికి చెప్పే కథ బాగుందో లేదో తేల్చడానికి కొలత ఏమిటి?

వెతగ్గా వెతగ్గా ఆ కొలత మా మామ్మ దగ్గర దొరికింది.

మామ్మ కథ చెప్పాలంటే వొకటే షరతు, ఊ కొట్టాలి. వేసంకాలం రాత్రి డాబా మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకున్నాక కథ మొదలయ్యేది. మేం అరడజను మంది పిల్లలం. కాసేపటికి వొక్కొక్క ఊ రాలిపోయేది. ఆఖరి ఊ కూడా ఆగితే మామ్మ కథ ఆపేసేది. మర్నాడు "తర్వాతేమైంది మామ్మా?" అంటే, "ఎక్కడిదాకా ఊ కొట్టావో చెప్పు, అక్కణ్ణించి చెప్తాను" అనేది. అంటే ఊ అనేది మర్యాద కోసం కాదన్నమాట. కథ ఎంతవరకు చేరిందో చెప్పేవాళ్లకి ముట్టే రసీదు అది. అందులో రకాలుండేవి. సాగదీస్తే "తర్వాత?" అని. తుంచితే "నమ్మలేదు" అని. భయమేసినప్పటి ఊ సంగతి చెప్పనే అక్కర్లేదు. మామ్మ దాన్నిబట్టి రాక్షసుణ్ణి ఇంకాస్త పెద్దవాణ్ణి చేసేది, లేకపోతే పాపమని తొందరగా చంపేసేది.

మా ఊరి పక్కనే వరాహ నది వొడ్డున బలిఘట్టం వుంది. బలిచక్రవర్తి యజ్ఞం చేసిన చోటని చెప్పుకుంటారు. అక్కడి బ్రహ్మలింగేశ్వరుడికి శివరాత్రినాడు జనం బారులు తీరతారు. వామనుడి కథ వచ్చినప్పుడల్లా మామ్మ చీకట్లోకి చెయ్యి చూపించి "అదిగో, అక్కడే" అనేది. దాంతో మాకు పాతాళలోకం బస్సెక్కక్కర్లేనంత దగ్గర్లో వుండేది.

"కథకి కాళ్లు లేవు, ముంతకి చెవులు లేవు" అన్నారు పెద్దలు. కాళ్లు లేకపోయినా కథకి చెవులు కావాలి. ఇంట్లోనే కాదు, పదిమందిలో చెప్పే కథకీ అంతే. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు, వొకరు లోకం సంగతులెత్తుతారు, వొకరు నవ్విస్తారు. వాళ్ల పనేమిటి? జనం తరఫున ఊ కొట్టడం, జనం అడగాలనుకున్నది ముందుగా అడగడం. షేక్ నాజర్‌గారు అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పేవారు. ఆ రాజు 1922 ఆగస్టులో పోలీసు స్టేషన్ల మీద పడ్డ చింతపల్లి, కృష్ణదేవిపేట మా ఊరి పైదారిలోవే. మా ఉత్తరాంధ్ర జముకుల కథలోనూ వంత లేకుండా కథ నడవదు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారంతటి వారు, 1919లో విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాలైన మహానుభావులు, హరికథలో గజ్జె కట్టి నిలబడితే సభ చేత "గోవింద" అనిపించుకోకుండా ముందుకి కదిలేవారు కారు.

ఇదంతా మన దేశపు అలవాటే అనుకుంటూ వుండేదాన్ని. గ్రీకుల కథ వింటే తెలిసింది, వాళ్లదీ ఇదే భాగోతం అని.

హోమరు చెప్పిన ఒడిస్సీలో డెమొడొకస్ అని గుడ్డి గాయకుడు వొకడుంటాడు. రాజుగారి సభలో ట్రాయ్ యుద్ధం కథ పాడతాడు. ఆ యుద్ధంలో పోరాడిన ఒడిస్యూస్ తనెవరో చెప్పకుండా అదే సభలో అతిథిగా కూర్చుని వుంటాడు. కథ వింటూ పైట కప్పుకుని ఏడ్చే ఆడదానిలా కుమిలిపోతాడు. అది గమనించిన రాజు పాట ఆపించేస్తాడు. వినేవాడి కన్నీరు చూసి కథ ఆగిందన్నమాట. మా మామ్మ చూస్తే సంతోషించేది.

హోమరు కథలు పుస్తకంగా పుట్టలేదు, నోటి మీద పుట్టాయని నిరూపించడానికి మిల్మన్ పారీ అనే అమెరికా పండితుడు 1933 నుంచి 1935 దాకా యుగోస్లావియా పల్లెలు తిరిగాడు. అక్కడ కాఫీహోటళ్లలో రంజాను రాత్రుళ్లు వీరగాథలు పాడేవాళ్లుండేవారు. వాళ్ల పాటలు అల్యూమినియం రేకుల మీద రికార్డు చేశాడు. అందులో అవ్డో మెజెడోవిచ్ అనే ఆయనకి చదవడం, రాయడం రాదు. వొకప్పుడు మాంసం కొట్టు నడిపినవాడు. ఆయన చెప్పిన వొక్క కథే 12,000 పంక్తులు దాటింది. పారీ శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో వేసిన పుస్తకంలో తేల్చిన సంగతేమిటంటే, ఈ పాటగాళ్లు కంఠతా పట్టి వొప్పజెప్పరు. జనం హుషారుగా వుంటే పెళ్లికొడుకు గుర్రానికి ఇంకో నాలుగు నగలు తొడుగుతారు. జనం ఆవులిస్తే పెళ్లి తొందరగా కానిచ్చేస్తారు. ఎంతమంది సాహెబులూ దొరలూ కలిసి, ఎన్ని రేకులు ఖర్చుపెట్టి కనుక్కున్నదీ ఏమిటి? ఊ మహిమ!

నార్స్ కథల సంగతి ఇంకా విచిత్రం. ఐస్‌లాండు వాళ్లు 1000వ సంవత్సరం ప్రాంతంలో క్రైస్తవులయ్యారు. ఇంకో రెండువందల ఏళ్లకి, సుమారు 1220లో, స్నొర్రి స్టుర్లుసన్ అనే పెద్దమనిషి, పాత దేవుళ్ల కథలు జనం మరిచిపోతే పాత కవిత్వం ఎవరికీ అర్థం కాదని పుస్తకం రాశాడు. రాస్తూ కూడా ఊ వదల్లేదు. గిల్ఫి అనే రాజు మారువేషంలో వెళ్లి సింహాసనాల మీద కూర్చున్న ముగ్గుర్ని ప్రశ్నలడుగుతాడు. "తర్వాతేమైంది? అది ఎలా జరిగింది?" అని ఆయన అడుగుతూంటేనే కథలన్నీ నడుస్తాయి. మన పురాణాల్లో శౌనకాది మునులు అడగడం, సూతుడు చెప్పడం లేదూ? అచ్చం అదే. ఆఖర్న వొక పెద్ద చప్పుడై ఆ భవనం మాయమైపోతుంది. గిల్ఫి బయలుమీద వొంటరిగా నిలబడి వుంటాడు. ఇంటికెళ్లి, విన్న కథలన్నీ మనుషులకి చెప్తాడు. మన కథ కంచికీ, మనం ఇంటికీ వెళ్తాం. వాళ్లాయన ఇంటికెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు, అంతే తేడా.

ఇలా నోటిమీద నడిచే కథ పెట్టెలోకి ఎప్పుడెక్కిందో కూడా చెప్పాలి. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టి, మరుసటేడు దానివల్ల ఉపయోగాలు చెప్తూ, చూపులేనివాళ్లకి మాట్లాడే పుస్తకాలు చెయ్యవచ్చు అన్నాడు. అది నిజమవడానికి చాలాకాలం పట్టింది. బ్రిటన్‌లో 1935లో చూపులేనివాళ్ల కోసం మాట్లాడే పుస్తకాలు మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సిపాయిలు వాటికి తొలి శ్రోతలు. ఇక కళ్లున్నవాళ్లకీ సాహిత్యాన్ని వినిపించి అమ్మిన పుణ్యం ఆడవాళ్లదే. బార్బరా, మేరియాన్ అని ఇరవైరెండేళ్ల అమ్మాయిలిద్దరు 1952లో న్యూయార్కులో డిలన్ థామస్ అనే కవిని వొప్పించి, ఆయన చేత ఆయన రచనలే చదివించి రికార్డు వేశారు. వాళ్లు పెట్టిన కంపెనీ పేరు కేడ్మన్. ఆ కేడ్మన్ వొకానొక పశువుల కాపరి, ఇంగ్లీషులో పేరు తెలిసిన కవుల్లో మొదటివాడు.

మనకి ఆ పని రేడియో చేసింది. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీగారు రామాయణం, భారతం చెప్తూంటే ఆదివారం మధ్యాహ్నం వీధి వీధంతా వొకే గొంతు. వొకింట్లో వదిలేసిన వాక్యం పక్కింట్లో అందుకునేవాళ్లం. 1974లో ఘంటసాల పోయాక వచ్చిన భగవద్గీత రికార్డు సంగతి చెప్పక్కర్లేదు. సంక్షిప్త శబ్దచిత్రం వస్తే, చూసేసిన సినిమానే మళ్లీ చెవులతో చూసేవాళ్లం. రేడియోకి ఊ వినపడదు, నిజమే. కానీ చుట్టూ పదిమందిమి వుండేవాళ్లం, వొకళ్ల ఊ వొకళ్లకి వినపడేది. ఇప్పుడు చెవుల్లో బొత్తాలు పెట్టుకున్నాక ఎవరి కథ వాళ్లదే.

సరే, ఈ కొలత పట్టుకుని నేను విన్న నాలుగింటినీ కొలుస్తాను. తప్పయితే మీరు మందలించండి.

మొదటిది స్టీఫెన్ ఫ్రై రాసి తనే చదివిన "మిథోస్". 2017లో వచ్చింది, 15 గంటల పైన. నా చేత ఊ కొట్టించినాయన ఈయనే. విందు భోజనం పంక్తిలో పక్కన కూర్చుని చెప్తున్నట్టు చెప్తాడు, నవ్విస్తాడు, పక్కదారి పడతాడు, మళ్లీ వస్తాడు. పాతాళరాజు ఎత్తుకుపోయిన పెర్సెఫొనీ దానిమ్మ గింజలు తినడంతో ఏడాదిలో కొంతకాలం అక్కడే వుండాల్సి వస్తుంది, కూతురు అక్కడున్నన్నాళ్లూ తల్లి డిమీటర్ దుఃఖంతో భూమ్మీద పంటలుండవు. కూతుర్ని అత్తారింటికి పంపి, పండక్కెప్పుడొస్తుందా అని క్యాలెండరు చూసుకునే మనకి ఈ కథకి వ్యాఖ్యానం కావాలా? ఈయనలో లోపమేమిటంటే పేర్లు. వొక్కొక్క దేవుడికి బారెడు వంశం. పుస్తకంలో అయితే వెనక పేజీ తిప్పుకుంటాం, చెవికి వెనక పేజీ లేదు కదా! ఇంకోటి, దేవుళ్ల ఆగడాలు సరదాగా చెప్పేస్తూంటే, బలయిన ఆడపిల్లల దగ్గర మనం ఆగాల్సినంతసేపు ఆగం. నవ్వులో జారిపోతాం.

రెండోది నీల్ గైమన్ "నార్స్ మిథాలజీ". అదీ 2017దే, తనే చదివాడు. ఆరున్నర గంటలు. పేర్లు తక్కువ, కథలు పొట్టివి, నడక నిదానం. ఇందులో వొక కథకి మాత్రం మావారు కూడా పేపరు కింద పెట్టారు. థార్ అనే బలశాలి దేవుడి సుత్తిని వొక రాక్షసుడు దొంగిలించి, ఫ్రేయా దేవతని పెళ్లి చేస్తేగాని ఇవ్వనంటాడు. ఆవిడ ఛీ పొమ్మంటుంది. ఇంక గతిలేక థార్‌కే పెళ్లికూతురి ముసుగు వేసి పంపిస్తారు. పెళ్లి విందులో వధువు వొక ఎద్దునీ, ఎనిమిది పెద్ద చేపల్నీ తినేస్తుంది. పెళ్లికొడుకు బిత్తరపోతే, తోడుపెళ్లికూతురి వేషంలో వున్న లోకి, "మీ మీద బెంగతో ఎనిమిది రాత్రుళ్లుగా పచ్చి మంచినీళ్లు ముట్టలేదండీ" అంటాడు. ఇంకేముంది, సుత్తి చేతికి రాగానే రాక్షసుడి పని సరి. "అరె, కీచకవధ!" అన్నారు మావారు. నర్తనశాల చీకట్లో ద్రౌపది బదులు భీముడు కాచుకుని వుండటం గుర్తొచ్చింది ఆయనకి. ఇద్దరం కలిసి విన్న కథ అదొక్కటే, అన్నిట్లోకీ రుచిగా వున్నదీ అదే. అది చదివినాయన గొప్పా, మావారి "అరె" గొప్పా అంటే చెప్పలేను.

మూడోది ఒడిస్సీయే. ఎమిలీ విల్సన్ 2017లో చేసిన అనువాదం, నటి క్లేర్ డేన్స్ చదివింది. ఒడిస్సీ మొత్తాన్ని ఇంగ్లీషు చేసి ప్రచురించిన మొదటి ఆడమనిషి విల్సన్. యుద్ధం ముగిశాక ఒడిస్యూస్ ఇల్లు చేరి, తన భార్యని పెళ్లాడమని వేధించినవాళ్లని చంపుతాడు, బాగానే వుంది. తర్వాత వాళ్లతో కలిశారన్న నేరానికి 12 మంది దాసీలని ఉరితీయిస్తారు. పాత ఇంగ్లీషు అనువాదాలు కొన్ని ఆ పిల్లలకి మూలంలో లేని తిట్టు తగిలించాయి. విల్సన్ ఆ తిట్టు తీసేసి, వాళ్లు బానిసలని సూటిగా చెప్పింది. చదివే ఆవిడ అక్కడ గొంతు పెంచలేదు, ఏడవలేదు. నేను చాకు కింద పెట్టేశాను.

నాలుగోది మేడలిన్ మిల్లర్ "సర్సీ". 2018 నాటిది, పెర్డిటా వీక్స్ చదివింది. దీవిలో దిగిన మగవాళ్లని పందులుగా మార్చేసిన మంత్రగత్తెగా ఒడిస్సీలో సర్సీకి చెడ్డపేరుంది. ఈ పుస్తకంలో ఆవిడే "నేను" అంటూ తన కథ చెప్తుంది. వొంటరి దీవిలో వొక ఆడది, వోడ దిగి వచ్చే మగవాళ్లు, అలాంటప్పుడు మంత్రం ఎందుకు నేర్చిందో మనకి అర్థమవుతుంది. 12 గంటలూ వొకే గొంతు, కానీ విసుగు రాదు. నలుగురిలోకీ ఇదే నాకు బాగా చేరింది.

ఈ నాలుగూ విన్నాక చందమామ గుర్తొచ్చింది. ఈ గ్రీకు కథలు మన పిల్లలకి కొత్తవి కావు. కొడవటిగంటి కుటుంబరావుగారు చందమామ పని చూసిన రోజుల్లో హెలెన్ భువనసుందరి అయింది, ఒడిస్యూస్ రూపధరుడయ్యాడు. "భువనసుందరి", "రూపధరుడి యాత్రలు" సీరియల్స్ కోసం నెలంతా కాసుకుని కూర్చునేవాళ్లం. అవి గ్రీకు కథలని నాకు కాలేజీలో చేరేదాకా తెలీదు. తెలిసినరోజు మా ఇంటివాళ్లని ఎవరో పరాయివాళ్లంటే వచ్చినంత కోపం వచ్చింది. ఫ్రై దొరగారి పేర్ల బాధకి మందు మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. పేరు వినగానే మనిషి కళ్లముందుకి రావాలి. అప్పుడు ఊ తేలిగ్గా వస్తుంది.

"ఆడవాళ్ల వైపు నుంచి పురాణం చెప్పడం కొత్త వొరవడి" అని ఈ పుస్తకాల గురించి రాస్తున్నారు. సర్సీకి ముందే, 2005లో మార్గరెట్ అట్‌వుడ్ ఆ ఉరిపడ్డ దాసీల చేత మాటాడించింది. మంచిదే, సంతోషం. కానీ కొత్త అంటే మాత్రం మా మామ్మ వొప్పుకోదు.

మామ్మకి ఊర్మిళాదేవి నిద్ర పాట వచ్చు. మీ ఇళ్లల్లోనూ వచ్చినవాళ్లు వుండేవుంటారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, మగవాళ్లు వీధిలోకి వెళ్లాక, ఆడవాళ్లందరూ వెనక వసారాలో చేరేవారు. వొకరు విస్తళ్లు కుట్టడం, వొకరు తలదువ్వడం, మామ్మ పాడటం. లక్ష్మణుడు అన్నావదినెలతో అడవికి పోతే 14 ఏళ్లూ ఊర్మిళ నిద్రలోనే గడిపింది. తిరిగొచ్చిన మొగుణ్ణి పోల్చుకోలేక, ఎవరో పరాయివాడనుకుని, నేను జనకుడి ఇంటి ఆడపిల్లని సుమా అని హెచ్చరిస్తుంది. పరస్త్రీ జోలికి వెళ్లి చెడినవాళ్ల జాబితా చదువుతుంది. పాపం లక్ష్మణస్వామి బతిమాలుకోవాలి!

ఒడిస్సీలో పెనెలొపీది అచ్చం ఇదే అవస్థ. 20 ఏళ్లకి వచ్చినవాణ్ణి మొగుడని వెంటనే నమ్మదు. "మంచం తీసి బయట వెయ్యండి" అని పరీక్ష పెడుతుంది. అది పాతుకున్న చెట్టు మొదలుతో చేసిన మంచం, కదలదు. ఆ రహస్యం తెలిసినవాడే కనక అతడికి కోపమొస్తుంది. అప్పుడు నమ్ముతుంది. ఊర్మిళ నిద్రపోయింది, పెనెలొపీ పగలు నేసిన గుడ్డ రాత్రి విప్పుకుంటూ కూర్చుంది. వెళ్లినవాళ్ల సాహసాలు కావ్యాలయ్యాయి. ఉన్నవాళ్లకి కాలం ఎలా గడిచిందో అడగడం మాత్రం ఆడవాళ్లకే తోచింది.

అదే పెనెలొపీ కథ మొదట్లో, సభలో గాయకుడు యుద్ధం నుంచి తిరిగొచ్చేవాళ్ల కష్టాలు పాడుతూంటే తట్టుకోలేక కిందికి దిగివచ్చి, "ఆ పాట వద్దు, ఇంకోటి పాడు" అంటుంది. అప్పుడు కడుపున పుట్టిన కొడుకే, మాటలు మగవాళ్ల వ్యవహారం, నువ్వు పైకెళ్లి మగ్గం చూసుకోమంటాడు. ఆవిడ వెళ్లిపోతుంది. ఆవిడ ఊకి ఆ సభలో విలువ లేదు. మామ్మావాళ్లు సభ జోలికే పోలేదు. వెనక వసారాలో తమ సభ తామే పెట్టుకున్నారు, కావలసిన పాట తామే పాడుకున్నారు. ఈనాటి మంచి ఆడియో బుక్కు, నా లెక్కలో, ఆ వసారాకి దగ్గరగా వచ్చేది. మంచి గొంతు వొక్కటే చాలదు. వినేదాని అనుభవం వచ్చి కూర్చోడానికి కాస్త జాగా వుంచాలి.

ఇంక నా నేరం సంగతి చెప్తాను.

1983లో మా అన్నయ్య టేప్‌రికార్డరు కొన్నాడు. మామ్మ చేత ఊర్మిళ పాట పాడించి దాచుకుందామని నాకే బుద్ధి పుట్టింది. తలుపులన్నీ వేశాం. చప్పుడు పడుతుందని పిల్లల్ని బయటికి తరిమాం. మేం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. మామ్మ మొదలుపెట్టి, రెండు చరణాలు కాగానే మా మొహాల కేసి చూసి, "ఏటే, ఎవరూ ఊ అనరేం? నిద్దరొచ్చేసిందా?" అంది. రికార్డవుతోందని సైగ చేశాం. వసారాలో గంటసేపు పాడే పాట పదిహేను నిమిషాల్లో ముగించేసింది. ఊర్మిళ నిద్ర లేచింది గాని సరిగ్గా ముచ్చటే ఆడలేదు. ఆ తర్వాత రెండేళ్లకి, కొత్త సినిమా పాటలు ఎక్కించుకోడానికి ఖాళీ క్యాసెట్టు దొరక్క నేనే ఆ క్యాసెట్టు మీద ఎక్కించేశాను. ఇంకోటి పాడించుకోవచ్చులే అనుకున్నాను. ఆ ఏడే మామ్మ పోయింది.

ఐస్‌లాండులో వొక చిన్న తోలుపుస్తకం వుంది. 13వ శతాబ్దంలో రాసింది. నార్స్ దేవుళ్ల పాటలు మనకి మిగిలాయంటే చాలావరకు దాని చలవే. 1662లో దాన్ని డెన్మార్కు రాజుకి కానుకగా పంపేశారు. 300 ఏళ్లు పోయాక, 1971 ఏప్రిల్ 21న, ఓడలో తిరిగొస్తే, వొక పుస్తకాన్ని చూడ్డానికి ఊళ్లోవాళ్లు వేలమంది రేవుకి వచ్చి నిలబడ్డారు. ఆ పుస్తకంలో మధ్యన ఎనిమిది ఆకులు లేవు. ఎప్పుడు పోయాయో, ఎలా పోయాయో! అందులో పాటలు ఎలా వుండేవోనని పండితులు ఈనాటికీ ఊహిస్తూనే వున్నారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్లకి పోయినవి ఎనిమిది ఆకులు. మా ఇంట్లో పోయింది మొత్తం పుస్తకం. పైగా పోగొట్టిందెవరో నాకు తెలుసు.

పాట పోయింది గాని, కథ కొంత నాకు గుర్తుంది. ఊర్మిళది, లక్ష్మణదేవర నవ్వూను. 14 ఏళ్లు దూరంగా వుండమన్న నిద్రాదేవి పట్టాభిషేకం సభలో వచ్చి నిలబడితే లక్ష్మణుడు ఫక్కున నవ్వుతాడు. సభలో ప్రతివాళ్లూ తనని చూసే నవ్వాడనుకుని, లోపల దాచుకున్న తప్పు తలుచుకుని ముడుచుకుపోతారు. సుగ్రీవుడు, విభీషణుడు, ఎవరి గుట్టు వాళ్లది. నాకైతే ఆ నవ్వు క్యాసెట్టు గురించేననిపిస్తుంది.

పోయిన ఆదివారం రాత్రి మనవరాలు ఫోన్ చేసింది. "అమ్మమ్మా, నువ్వు కథ చెప్పు, నేను రికార్డు చేస్తాను" అంది. చెప్పడం మొదలుపెట్టాను. లక్ష్మణుడు అడవికి బయలుదేరాడు. అవతలినుంచి చప్పుడు లేదు. ఊర్మిళ నిద్రకి వొరిగింది. చప్పుడు లేదు. "హలో, వున్నావా?" అన్నాను. లైను తెగిపోయిందనుకున్నాను.

"ఉన్నా అమ్మమ్మా. నా వైపు సౌండు పడకూడదని మ్యూట్‌లో పెట్టా. రికార్డింగు క్లీన్‌గా వస్తుంది" అంది.

"మ్యూట్ తియ్యి" అన్నాను. "ఊ కొట్టు."

"అప్పుడు రికార్డులో నా గొంతు కూడా పడిపోతుందిగా!"

"పడనీ" అన్నాను. "ఎక్కడిదాకా విన్నావో చెప్పు, అక్కణ్ణించి చెప్తాను."